ద్వంద్వయుద్ధపు వీడియో ఆటలు: నాణెము నుండి ఉచితము వరకు

తిరునాళ్ళలో అడుగు పెట్టుటకు టిక్కెట్టు ఉండదు. రంగులరాట్నము ఎక్కవలెనన్న, జీళ్ళు కొనవలెనన్న, పిల్లవానికి బూర కొనిపెట్టవలెనన్న మాత్రమే జేబులోని డబ్బు కదలును. లోనికి పోవుట ఉచితము కనుకనే జనము చేరుదురు. జనము చేరుదురు కనుకనే దుకాణములు నిలుచును. నేడు కంప్యూటరులమీదను, సెల్‌ఫోనులమీదను ఆడుచున్న అనేక వీడియో ఆటలు ఈ తిరునాళ్ళ పద్ధతినే అనుసరించుచున్నవి. ఆటను దించుకొనుటకు పైసా ఇవ్వనక్కరలేదు. అయినను వాటిని తయారుచేయు సంస్థలు వందలకొలది ఉద్యోగులకు జీతములు ఇచ్చుచున్నవి. ఆ సొమ్ము ఎచటినుండి వచ్చుచున్నది? ఎవరు ఇచ్చుచున్నారు? దేనికి ఇచ్చుచున్నారు?

ఈ ప్రశ్నలను పరిశీలించుటకు ద్వంద్వయుద్ధపు ఆటలు మంచి ఉదాహరణము. తెరపై ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలిచి గ్రుద్దులతోను, తన్నులతోను పోరాడుదురు. ఒక్కొక్క యోధుని ఒక్కొక్క ఆటగాడు మీటలతో నడపును. ఈ ఆటలు నలుబది సంవత్సరములకు పైగా వాడుకలో నున్నవి. ఆ కాలములో వీటికి డబ్బు వసూలు చేయు పద్ధతి పలుమార్లు మారినది. పద్ధతి మారినప్పుడెల్ల ఆట స్వరూపము కూడ మారినది. ఈ సంబంధమును తెలిసికొన్నచో "ఉచితము" అను మాటకు అసలు అర్థము బోధపడును.

సెకండులో అరువదవ వంతు

మొదట ఆట నడచు విధమును చూడవలెను. తెరపై కదలిక యనునది నిజముగా కదలిక కాదు. సినిమాలో వలెనే నిశ్చల చిత్రములు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండుటచే కన్ను మోసపోవును. ఒక్కొక్క చిత్రమును ఫ్రేము అందురు. ద్వంద్వయుద్ధపు ఆటలు సాధారణముగా సెకండునకు 60 ఫ్రేముల చొప్పున నడచును. కావున ఒక ఫ్రేము కాలము సుమారు 16.7 మిల్లీసెకండులు. ఈ ఆటలలో కాలమును సెకండులలో కాక ఫ్రేములలోనే లెక్కింతురు. ఒక దెబ్బ మొదలైనది మొదలు తగులువరకు ఎన్ని ఫ్రేములు పట్టును, అది తప్పిపోయినచో యోధుడు తేరుకొనుటకు ఎన్ని ఫ్రేములు పట్టును అను లెక్కలను గట్టి ఆటగాళ్ళు కంఠస్థము చేసియుందురు.

మనుష్యుని ప్రతిచర్యా కాలము ఎంత? దీనిని తరగతిలోనే కొలువవచ్చును. ఒక విద్యార్థి 30 సెంటీమీటర్ల స్కేలును పైకొన వద్ద పట్టుకొని నిలువుగా వ్రేలాడదీయవలెను. మరియొకడు క్రింది సున్న గుర్తు వద్ద బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని స్కేలునకు తాకకుండ తెరచి ఉంచవలెను. మొదటివాడు చెప్పకుండ విడిచిన వెంటనే రెండవవాడు పట్టుకొనవలెను. స్కేలు 20 సెంటీమీటర్లు జారిన పిమ్మట పట్టుబడినదనుకొందము. స్వేచ్ఛగా పడు వస్తువు దూరము ½gt² కనుక, t² = 0.40 ÷ 9.8, అనగా t సుమారు 0.20 సెకండు. ఇది 12 ఫ్రేములు.

ఇప్పుడొక విశేషము గమనింపదగినది. 'స్ట్రీట్ ఫైటర్' జాతి ఆటలలో అతివేగమైన దెబ్బ మూడు నాలుగు ఫ్రేములలోనే తగులును. 'టెక్కెన్' అను ఆటలో సామాన్యముగా వేగవంతమైన గ్రుద్దునకు 10 ఫ్రేములు పట్టును. రెండును మనుష్యుని ప్రతిచర్యా కాలముకంటె తక్కువే. కావున దెబ్బను చూచి కాచుకొనుట సాధ్యము కాదు. రాబోవుదానిని ముందుగా ఊహింపవలెను. కొట్టువానిని కాచుకొనువాడు ఆపును. కాచుకొనువానిని పట్టి విసరువాడు ఓడించును. విసరబోవువానిని కొట్టువాడు ఓడించును. ఒకటి రెండవదానిని, రెండవది మూడవదానిని, మూడవది మరల మొదటిదానిని జయించు ఈ చక్రమే ఆటకు ప్రాణము. చేతివేగముకంటె ఎదుటివాని గూర్చిన జ్ఞానమే గెలుపునకు ముఖ్యము. కావున ఈ ఆటకు సమానమైన ప్రత్యర్థి కావలెను. అట్టివాడు లేనిచో ఎంత అందమైన ఆటయైనను నిరర్థకము.

నాణెము కాలము

1984లో వచ్చిన 'కరాటే చాంప్' ఈ జాతి తొలి ఆటలలో పేరెన్నిక గన్నది. 1987లో జపానుకు చెందిన కాప్‌కామ్ సంస్థ 'స్ట్రీట్ ఫైటర్'ను, 1991లో 'స్ట్రీట్ ఫైటర్ 2'ను విడుదల చేసెను. ఈ రెండవ ఆట ప్రపంచమంతట వ్యాపించెను. ఆటశాలలలో బీరువా వంటి పెట్టెలో తెర, మీటలు అమర్చియుండెడివి. అమెరికాలో సాధారణముగా 25 సెంట్ల నాణెము, జపానులో 100 యెన్‌ల నాణెము వేసిన ఆట సాగెడిది.

ఈ పద్ధతిలో సంస్థగాని, ఆటశాల యజమానిగాని అమ్మినది కాలము. ఒంటరిగా ఆడునట్టి పాత ఆటలలో నేర్పరియైనవాడు ఒక్క నాణెముతో గంటసేపు ఆడి యజమానికి నష్టము కలిగింపగలడు. ద్వంద్వయుద్ధములో అట్లు కాదు. గెలిచినవాడు అక్కడనే నిలుచును; ఓడినవాడు మరల నాణెము వేయవలెను, లేదా వరుసలోనున్న మరియొకనికి చోటు విడువవలెను. ఎవరు ఎంత నేర్పరులైనను రెండు మూడు నిమిషములకొకమారు ఒక ఓటమి, ఓటమికొక నాణెము తప్పవు. ఆట పొట్టిగాను, తీవ్రముగాను, ఓడినవానికి "ఇంకొక్కమారు" అను పట్టుదల కలుగునట్లుగాను రూపొందుటకు ఈ లెక్క దోహదము చేసినది.

1992లో 'స్ట్రీట్ ఫైటర్ 2' ఇండ్లలోని టెలివిజనుకు తగిలించు సూపర్ నింటెండో యంత్రమునకు కార్ట్రిడ్జి రూపమున వచ్చెను. ఈ కార్ట్రిడ్జి 63 లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. ఇప్పుడు అమ్మినది కాలము కాదు, వస్తువు. కొన్నవాడు ఎన్ని గంటలైనను ఆడుకొనవచ్చును, స్నేహితునికి ఎరువు ఇయ్యవచ్చును, మరల అమ్ముకొనవచ్చును. సంస్థకు మాత్రము ఒకమారు అమ్మిన పిమ్మట ఆదాయము లేదు. అందుచే 1992 నుండి 1994 వరకు అదే ఆటకు యోధులను చేర్చి, దోషములను దిద్ది, 'చాంపియన్ ఎడిషన్', 'హైపర్ ఫైటింగ్', 'సూపర్', 'సూపర్ టర్బో' అను క్రొత్త కూర్పులను వెలువరించిరి. పాఠ్యపుస్తకమునకు ఏటేట క్రొత్త ముద్రణ వచ్చినట్లు, కొద్ది మార్పులకై మొత్తము వెల మరల చెల్లింపవలసి వచ్చెడిది.

తంతిపై పోరాటము

అంతర్జాలము వచ్చిన పిదప ప్రత్యర్థి ప్రక్కన నుండనక్కరలేదు. కాని ప్రకృతి ఇచట ఒక హద్దును విధించినది. గాజుతంతులలో కాంతి సెకండునకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగమున పోవును. అనగా మిల్లీసెకండునకు 200 కిలోమీటర్లు. ఒక ఫ్రేము కాలములో సుమారు 3,300 కిలోమీటర్లు. హైదరాబాదునుండి సింగపూరునకు సరళరేఖలో దూరము దాదాపు ఇంతే. కావున హైదరాబాదు ఆటగాడు నొక్కిన మీట సంగతి సింగపూరు ఆటగానికి ఒక ఫ్రేము గడచిన పిమ్మటగాని తెలియదు. తంతులు సరళరేఖలో పోవు. నడుమ అనేక యంత్రములు కలవు. కావున నిజమైన ఆలస్యము దీనికి కొన్ని రెట్లు ఉండును. నాలుగు ఫ్రేములలో దెబ్బ తగులు ఆటలో ఇది చిన్న విషయము కాదు.

పాత పద్ధతిలో ఎదుటివాని మీట సంగతి చేరువరకు రెండు యంత్రములును ఆగుచుండెడివి. అందుచే యోధులు నీటిలో నడచినట్లు కదలెడివారు. 2006లో టోనీ కానన్ అను అమెరికా ప్రోగ్రామరు జి.జి.పి.ఓ. అను ప్రోగ్రామును రూపొందించి మరియొక పద్ధతిని వ్యాపింపజేసెను. దీనిని రోల్‌బ్యాక్ అందురు. ఇందులో యంత్రము ఆగదు. ఎదుటివాడు క్రిందటి ఫ్రేములో నొక్కిన మీటనే ఇప్పుడును నొక్కియుండునని ఊహించి ఆటను ముందుకు నడపును. సెకండులో అరువదవ వంతులో మనుష్యుడు మీట మార్చుట అరుదు కనుక ఈ ఊహ చాలమార్లు నిజమగును. తప్పైనచో, నిజమైన సమాచారము అందిన వెంటనే యంత్రము ఆటను ఆ ఫ్రేమునకు వెనుకకు త్రిప్పి, సరియైన మీటతో మరల లెక్కకట్టి, కంటికి కనబడునంతలో ప్రస్తుత ఫ్రేమునకు వచ్చి చేరును. ఈ ప్రోగ్రామును 2019లో అందరికిని ఉచితముగా వాడుకొనుటకు విడుదల చేసిరి. 2023లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 6' మొదలగు నేటి ముఖ్యమైన ఆటలు అనేకము ఈ పద్ధతినే అవలంబించినవి.

ప్రత్యర్థి దొరకుట ఎట్లు?

రోల్‌బ్యాక్ దూరమును కొంతవరకు జయించినను, ప్రత్యర్థిని సృష్టింపలేదు. ఒక ఊహాలెక్కను చూతము. ఒకానొక గంటలో ప్రపంచమంతట 12,000 మంది ఒక ఆటను ఆడుచున్నారనుకొందము. దూరము వలన వీరిని 6 ప్రాంతములుగా విభజింపవలెను: ప్రాంతమునకు 2,000 మంది. నేర్పునుబట్టి 10 శ్రేణులు చేసినచో శ్రేణికి 200 మంది. ఒక జాతి యంత్రముపై ఆడువారు మరియొక జాతి యంత్రముపై ఆడువారితో ఆడుటకు వీలులేకున్న 100 మంది. వీరిలో పదింట తొమ్మిదిమంది అప్పటికే పోరులో నుందురు. వేచియున్నవారు 10 మంది మాత్రమే.

ఆటగాళ్ళు 12,000 నుండి 1,200కు తగ్గినచో ఆ వేచియున్నవాడు ఒక్కడే అగును. అతనికి ప్రత్యర్థి లేడు. శ్రేణుల హద్దు తొలగించి క్రొత్తవానిని ఆరితేరినవానితో జతపరుపవలసి వచ్చును. క్రొత్తవాడు వరుసగా పదిమార్లు ఓడి ఆట మానివేయును; ఆటగాళ్ళ సంఖ్య ఇంకను తగ్గును. బావిలో నీరు తగ్గినకొలది చేద వేయువారు కూడ తగ్గినట్లు, ఆట తనంతట తానే క్షీణించును.

ఉచిత ప్రవేశమునకు మూలకారణము ఇచటనే కలదు. అయిదారు వేల రూపాయలు వెల పెట్టి ఆటను కొనగలవారు కొందరే. ప్రవేశము ఉచితమైనచో పదిరెట్లు జనము రావచ్చును. వీరిలో నూటికి తొంబదిఅయిదుమంది ఏమియు కొనకపోయినను నష్టము లేదు. ఏలయన వారు మిగిలిన అయిదుగురికి ప్రత్యర్థులు. ఉచితముగా ఆడువాడు సంస్థకు భారము కాడు. డబ్బు ఇచ్చువానికి అమ్మబడు వినోదములో అతడొక భాగము.

దీనికి రెండవ ప్రక్క కూడ కలదు. 1,000 మంది 4,000 రూపాయల చొప్పున కొన్నచో 40 లక్షలు వచ్చును. అదే ఆటను 10,000 మంది ఉచితముగా ఆడి, అందు 500 మంది మాత్రమే డబ్బు ఇచ్చినచో, అదే 40 లక్షలకు ఒక్కొక్కరు 8,000 రూపాయలు ఇయ్యవలెను. అనగా పాత పద్ధతిలో అందరును సమానముగా మోసిన భారము ఇప్పుడు కొలదిమందిపై రెట్టింపై పడినది. తయారుచేయువారి దృష్టియంతయు ఆ 500 మంది మీదికి పోవుట సహజము.

ప్రయోగములు, ఫలితములు

2013వ సంవత్సరము ఈ చరిత్రలో ముఖ్యమైనది. ఆ యేట మూడు ఆటలు మూడు విధములుగా ఉచిత ప్రవేశమును ప్రయోగించెను. జూనులో వచ్చిన 'టెక్కెన్ రివల్యూషన్'లో ఆడుటకు నాణెములు కావలెను. అవి నిర్ణీత కాలమునకు ఒకటి చొప్పున తామే నిండును, వేచియుండలేనివాడు కొనుక్కొనవలెను. ఆటశాల నాణెమే వేషము మార్చుకొని ఇంటికి వచ్చినది. సెప్టెంబరులో 'డెడ్ ఆర్ అలైవ్ 5' ఆటకు నలుగురు యోధులు గల ఉచితపు కూర్పు వచ్చినది; తక్కినవారిని విడివిడిగా కొనవలెను. నవంబరులో 'కిల్లర్ ఇన్‌స్టింక్ట్' ఒకే యోధుని ఉచితముగా ఇచ్చి, తక్కినవారిని విడిగాగాని, కట్టగాగాని అమ్మినది.

2017లో పూర్తిరూపమున విడుదలైన 'బ్రాల్‌హల్లా' మరియొక మార్గము త్రొక్కినది. కొందరు యోధులు వారము వారము మారుచు అందరికిని ఉచితముగా లభింతురు. ఆడి సంపాదించిన ఆటబంగారముతో తక్కినవారిని పొందవచ్చును. డబ్బు ముఖ్యముగా వేషములకే. 2019లో వెలకు అమ్మబడిన 'ఫ్యాంటసీ స్ట్రైక్' 2020లో ఉచితమైనది. 2015లో ప్రయోగదశలో వచ్చిన 'రైజింగ్ థండర్' అను ఉచితపు ఆటను, దాని నిర్మాణసంస్థను రయట్ సంస్థ కొనివేయగా, 2016లో మూసివేసిరి. దానిని నిర్మించినవారిలో పైన చెప్పిన టోనీ కానన్ ఒకడు. అదే బృందముతో మొదలైన కృషి ఫలితముగా '2ఎక్స్‌కో' అను ఉచిత ప్రవేశపు ఆట 2025 అక్టోబరు 7న కంప్యూటరులపై తొలివిడతగా ప్రజలకు అందినది.

వెల పెట్టి కొనవలసిన ఆటలు కూడ ఈ పద్ధతికి దూరముగా లేవు. 2016లో 'స్ట్రీట్ ఫైటర్ 5' పదునారుగురు యోధులతో వచ్చి, తరువాత సంవత్సరమునకు కొందరి చొప్పున క్రొత్తవారిని విడిగా అమ్మినది. 2024 జనవరిలో వచ్చిన 'టెక్కెన్ 8' ఆటలో మరుసటి నెలలోనే లోపల దుకాణము తెరువబడెను. ప్రవేశమునకు టిక్కెట్టు, లోపల దుకాణములు రెండును ఉన్న తిరునాళ్ళ వంటిది ఈ మిశ్రమ పద్ధతి.

అమ్మబడు వస్తువు ఏది?

ఒక ఆట మంచిదా, చెడ్డదా అని నిర్ణయించుటకు "ఉచితమా, కాదా" అను ప్రశ్న చాలదు. "లోపల ఏమి అమ్ముచున్నారు" అను ప్రశ్న వేయవలెను. అమ్మకములు నాలుగు రకములు.

మొదటిది వేషము. యోధుని దుస్తులు, రంగులు మారును; బలము మారదు. పోటీకి భంగము లేదు.

రెండవది యోధుడు. ఇది వేషమంత నిర్దోషమైనది కాదు. ఒక యోధునితో పోరాడుటకు వాని దెబ్బల ఫ్రేముల లెక్కలు తెలియవలెను. వానిని తానే నడపి చూచుటకంటె మంచి అభ్యాసము లేదు. కొనలేనివానికి ఆ అభ్యాసము లేకపోవును. అమ్మబడినది బొమ్మయే యైనను, దానితోపాటు జ్ఞానము కూడ అమ్ముడుపోయినది.

మూడవది బలము. కొన్ని సెల్‌ఫోను ఆటలలో యోధునికి శ్రేణులు ఉండును. శ్రేణి పెరిగినకొలది దెబ్బ గట్టిపడును. డబ్బు ఇచ్చినవాడు శ్రేణిని త్వరగా పెంచుకొనును. అప్పుడు పైన చెప్పిన మూడింటి చక్రము విరిగిపోవును. ఎదుటివాని ఆలోచనను సరిగా ఊహించినను, వాని దెబ్బ రెండింతలైనచో ఊహకు ఫలము లేదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 'స్ట్రీట్ ఫైటర్ 5' పతకపు పోటీగా జరిగినది. దక్షిణ కొరియాకు చెందిన 44 సంవత్సరముల కిమ్ గ్వాన్‌వూ బంగారు పతకము గెలిచెను. ఇరువురి బలము డబ్బుతో మారనప్పుడే అట్టి పోటీకి అర్థము ఉండును.

నాల్గవది అదృష్టము. 2014లో వచ్చిన 'మార్వెల్ కాంటెస్ట్ ఆఫ్ చాంపియన్స్' మొదలగు సెల్‌ఫోను ఆటలలో యోధుని నేరుగా కొనుటకు బదులు స్ఫటికమునో, పెట్టెనో తెరువవలెను. అందు ఎవరు వచ్చునది ముందుగా తెలియదు. ఇచట సంభావ్యతా గణితము అక్కరకు వచ్చును. కోరిన యోధుడు నూటికి ఒకమారు వచ్చునని ప్రకటించినారనుకొందము. నూరు పెట్టెలు తెరచినచో తప్పక వచ్చునని సామాన్యులు భావింతురు. అది పొరపాటు. ఒక పెట్టెలో రాకుండుటకు సంభావ్యత 0.99. నూరింటిలోను రాకుండుటకు 0.99ను నూరుమార్లు గుణింపవలెను. ఫలితము సుమారు 0.366. అనగా నూరుమంది నూరేసి పెట్టెలు తెరచినచో వారిలో సగటున 37 మందికి కోరినది రాదు. నూటికి తొంబది పాళ్ళు నమ్మకము కావలెనన్న 230 పెట్టెలు తెరువవలెను. పెట్టె 50 రూపాయలనుకొన్నచో 11,500 రూపాయలు. కొన్ని ఆటలు ఇన్ని మార్లు తెరచిన పిదప తప్పక ఇత్తుమని హద్దు పెట్టును. ఆ హద్దు లేనిచోట లెక్క ఇదియే.

ప్రభుత్వములు ఈ విషయమును గమనింపక పోలేదు. అదృష్టముపై వచ్చు వస్తువుల కట్టను పూర్తిచేసినగాని అరుదైన బహుమతి ఈయని పద్ధతి చట్టవిరుద్ధమని 2012లో జపాను వినియోగదారుల సంస్థ ప్రకటించెను. 2017 డిసెంబరులో యాపిల్ సంస్థ తన దుకాణములోని ఆటలు పెట్టెల సంభావ్యతలను ముందుగా ప్రకటింపవలెనని నియమము చేసెను. 2018లో బెల్జియము జూదనియంత్రణ సంఘము కొన్ని ఆటలలోని పెట్టెలను జూదముగా పరిగణించెను. మన దేశములో 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టము, డబ్బు గెలుతునను ఆశతో డబ్బు ఒడ్డు ఆటలను నిషేధించి, ఇ-క్రీడలను, వినోదపు ఆటలను వేరుగా గుర్తించినది. పెట్టెలో వచ్చునది డబ్బు కాక బొమ్మయే యైనను, తెరచువాని మనస్సులో కలుగు ఆతురత ఒక్కటే. కావున చట్టము ఉన్నను లేకున్నను లెక్క తెలిసియుండుట మేలు.

తలుపు మూసినప్పుడు

ఉచిత ప్రవేశపు ఆటలలో మరియొక భేదము కలదు. 1992 నాటి కార్ట్రిడ్జిని పాత యంత్రమునకు తగిలించినచో నేడును ఆట సాగును. సంస్థ అనుమతి అక్కరలేదు. నేటి ఆటలో కొన్న వేషముగాని, యోధుడుగాని సాధారణముగా సంస్థ సర్వరులలోని లెక్కపుస్తకమున ఒక పంక్తి మాత్రమే. సర్వరులను నడుపుటకు నెలనెల ఖర్చు అగును. ఆదాయము ఖర్చుకంటె తగ్గిననాడు సంస్థ వాటిని ఆపును.

'టెక్కెన్ రివల్యూషన్' 2017 మార్చిలో ఆగిపోయెను. వార్నర్ సంస్థ విడుదల చేసిన 'మల్టీవర్సస్' కథ ఇంకను విశదమైనది. బ్యాట్‌మన్, బగ్స్ బన్నీ మొదలగు ప్రసిద్ధ పాత్రలు తలపడు ఈ ఆట 2022 జూలైలో ప్రయోగరూపమున అందరికిని తెరువబడెను. మొదటి కొలది వారములలోనే రెండు కోట్లమంది ఆడి చూచిరి. 2023 జూనులో దానిని మూసి, మార్పులు చేసి, 2024 మేలో మరల తెరచిరి. ఆ తరువాత ఏడాది తిరుగునప్పటికి, 2025 మే 30న సర్వరులు ఆగిపోయినవి. అప్పటికే ఆటను దించుకొన్నవారు కంప్యూటరుతోనో, ప్రక్కనున్న స్నేహితునితోనో ఆడుకొనుటకు మాత్రము వీలు మిగిల్చిరి. రెండు కోట్లమంది వచ్చుట వేరు, నిలుచుట వేరు. ప్రవేశము ఉచితమైనప్పుడు నిష్క్రమణము కూడ ఉచితమే. వెల పెట్టి కొన్నవాడు పెట్టిన డబ్బు వృథా కారాదని కొన్నాళ్ళైనను ఆడును; ఉచితముగా వచ్చినవానికి ఆ బంధము లేదు.

ఈ విషయమున 'రైజింగ్ థండర్' ఒక మంచి త్రోవ చూపినది. మూసివేసిన రెండు సంవత్సరములకు, 2018లో, ఆటగాళ్ళు తమలో తామే ఆడుకొనుటకు వీలుగా దాని నొక కూర్పును ఉచితముగా ప్రజలకు విడిచిరి.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును ఒక పాచికతో చూపవచ్చును. అరువదిమంది గల తరగతిలో ఒక్కొక్కరును పాచికను ఆరుమార్లు వేయవలెను. ఆరు అంకె పడుట కోరిన యోధుడు దొరకుటతో సమానము. ఆరు ముఖములు గల పాచికను ఆరుమార్లు వేసిన ఆరు పడితీరునని పలువురు తలంతురు. కాని 5/6ను ఆరుమార్లు గుణించిన వచ్చునది 0.335, కావున సుమారు ఇరువదిమందికి ఒక్కమారైనను ఆరు పడదు. పిమ్మట ఆరు అంకెలును కనబడువరకు ఎన్ని మార్లు వేయవలసి వచ్చునో లెక్కింపుమనవలెను. సగటు 14.7 మార్లు. అందు కడపటి అంకె ఒక్కదానికే సగటున ఆరుమార్లు పట్టును. కట్ట పూర్తియగుటకు ఒక్కటే తక్కువయైనప్పుడు ఖర్చు హెచ్చగుట ఎందుచేతనో ఈ ప్రయోగముతో విద్యార్థులకు తెలియును. జపానులో నిషేధించిన పద్ధతి ఈ కడపటి అంకె మీదనే ఆధారపడినది.

ద్వంద్వయుద్ధపు ఆట నేర్పునకు, ఓర్పునకు, ఎదుటివాని మనస్సును చదువు శక్తికి పరీక్ష. ఉచిత ప్రవేశము డబ్బు లేని పిల్లవానికి కూడ ఆ పరీక్షలో కూర్చుండు అవకాశము ఇచ్చినది. ఇది చిన్న మేలు కాదు. అయితే ఆడుటకు ముందు మూడు సంగతులు విచారింపవలెను: లోపల అమ్మునది వేషమా, బలమా, అదృష్టమా? కోరినది దొరకుటకు సంభావ్యత ఎంత? సర్వరు ఆగినపుడు మిగులునది ఏమి? ఈ మూడింటికి సమాధానము తెలిసినవాడు ఆటలో ఓడిపోవచ్చును గాని, లెక్కలో మోసపోడు.